జాతీయ కళా సమావేశానికి కోనసీమ నుంచి వెళ్తే పది నిమిషాల్లో ఏం చెప్పాలి?

మీ ప్రశ్న చదివాను. అంబాజీపేట దగ్గరి ఒక ఊరి కళాసమితికి మీరు కార్యదర్శి. "సంస్కృతి ద్వారా సమాజాలను బలపరచడం" అనే అంశం మీద ఢిల్లీలో రెండు రోజుల జాతీయ సమావేశం పెడుతున్నారు. దేశం నలుమూలల నుంచి కళాసంస్థల బాధ్యులు వస్తున్నారు, మీకు పది నిమిషాలు మాట్లాడమని పిలుపొచ్చింది. సంక్రాంతికి వెదురుతో, బట్టలతో కట్టిన ఎత్తైన ప్రభలను ఊరేగించే ప్రభల తీర్థం గురించి చెప్పాలా, నిధులు అడగాలా, అసలు వెళ్లడం వల్ల ఊరికి ఏమైనా ఒరుగుతుందా అని అడిగారు.

వెళ్లండమ్మా. ఒరుగుతుంది. ఎంత ఒరుగుతుందనేది మాత్రం మీరు బయల్దేరే ముందూ, తిరిగొచ్చాకా ఊళ్లో ఏం చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను పశ్చిమగోదావరి వైపు నాటక పరిషత్తుల నిర్వహణలో చాలాకాలంగా ఉన్నవాణ్ణి. పోటీలు పెట్టడం, చందాలు పోగుచేయడం, కళాకారులకు పింఛను దరఖాస్తులు నింపిపెట్టడం, గ్రాంటు లెక్కలు అప్పజెప్పడం, ఇలాంటి జాతీయ సమావేశాల్లో వెనక వరసలోనూ వేదిక మీదా కూర్చోవడం, అన్నీ చేశాను. ఆ అనుభవం మీద చెబుతున్నాను.

ముందు అక్కడ ఎలా నడుస్తుందో తెలుసుకోండి. మొదటి రోజు ఉదయం జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, ముఖ్యోపన్యాసం. భోజనాల వేళకే కార్యక్రమం బాగా వెనకబడుతుంది. ఆ ఆలస్యాన్ని మధ్యాహ్నం మాట్లాడేవాళ్ల సమయంలోంచి కోస్తారు. మీ పది నిమిషాలు ఆరు కావచ్చు కాబట్టి ఆరు నిమిషాల ప్రసంగానికే సిద్ధం కండి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కళ మనుషుల్ని కలుపుతుందనే చెబుతారు. నిజమే, కానీ ఆ హాల్లో కూర్చున్నవాళ్లంతా ముందే ఒప్పుకున్న మాట అది. ఏ కళ, ఎవరిని, ఏ పని ద్వారా కలిపింది, ఎక్కడ కలపలేకపోయింది అని వివరంగా చెప్పేవాళ్లు తక్కువ. మీరు అదే చెప్పండి. చెప్పడానికి మన డెల్టాలో కావలసినంత ఉంది.

ప్రభల గురించి తప్పకుండా మాట్లాడండి, కానీ వర్ణనకు సమయం ఖర్చుపెట్టకండి. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం ప్రభల తీర్థమే. ఆ రంగులు, ఆ ఎత్తు ఢిల్లీవాళ్లు కర్తవ్యపథ్ మీదే చూశారు. వాళ్లు చూడనిది దాని వెనకున్న పని. కనుమ నాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. అక్కడ గుడి లేదు, కొబ్బరిచెట్ల కింద పదకొండు ఊళ్ల దేవుళ్లు కలుస్తారు. దీనికోసం ముందు నుంచే వెదురు సేకరించాలి, తాటి దూలాలు చూసుకోవాలి, కొత్త బట్టలు, రంగుల నూలు తేవాలి, ప్రభ కట్టడం తెలిసిన చేతులు ఊళ్లో ఉండాలి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక ఏటిని దాటి రావాలి. నీళ్లలో దిగి, "అశరభ శరభ" అంటూ అంత బరువును భుజాల మీద ఒడ్డెక్కిస్తారు. పచ్చని చేలకు అడ్డంపడి నడిచినా రైతు ఏమీ అనడు, పైగా శుభమనుకుంటాడు. హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు భోగికల్లా ఊళ్లో దిగి ఆ రోజుకి ప్రభ కిందకి వస్తారు.

వెదురు ఎవరిచ్చారు, మేళానికి ఎవరు కట్టారు, దారి విషయంలో మాట తేడా వస్తే ఎవరు సర్దిచెప్పారు, నీళ్లలో ముందు ఎవరు దిగాలి? ఇవీ అసలు సంగతులు. ఏటా ఒక తేదీకి, ఒక కష్టమైన పనిని, డబ్బు తీసుకోకుండా, తగువు పడినా విడిపోకుండా చేయడం ఆ ఊళ్లు నేర్చుకున్నాయి. ఊరు బలపడటమంటే నాకు తెలిసిన అర్థం ఇదే. ప్రదర్శన ఒక్క పూట. దాని బాధ్యతను పంచుకునే అలవాటు ఏడాది పొడవునా పనికొస్తుంది. మీ ప్రసంగానికి ఇదొక్కటీ వెన్నెముకగా పెట్టుకోండి.

ఎక్కడ పనికొచ్చిందో కూడా చెప్పండి. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు వచ్చాక అంత నీరు మళ్లీ అప్పుడే. లంక గ్రామాలు మునిగాయి. పడవలు కుదర్చడం, వంటలు పెట్టడం, ముసలివాళ్లను ఏటిగట్టు మీదకి చేర్చడం లాంటి పనులకి ముందుగా కదిలింది చాలాచోట్ల ఉత్సవ కమిటీల కుర్రాళ్లూ, అన్నసమారాధనల్లో వంటకి దిగే వాళ్లూనే. పెద్ద గిన్నెలు ఎవరింట్లో ఉన్నాయో, ఎవరి మాట ఎవరు వింటారో వాళ్లకు ముందే తెలుసు. ఇలాంటిది మీ ఊళ్లో జరిగివుంటే ఒక్క ఉదాహరణ తీసుకెళ్లండి. పేరు, తేదీ, ఎన్ని ఇళ్లు, ఎవరు వండారు అన్నంత వివరంగా చెప్పండి. ఊహించి చెప్పకండి.

ఇక కష్టమైన భాగం. అదే ఏడాది మే 24న అమలాపురంలో ఏం జరిగిందో దేశమంతా చూసింది. జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అని పేరు పెట్టే విషయమై మొదలైన నిరసన హింసగా మారి, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయింది. ఢిల్లీలో ఎవరో ఒకరు మిమ్మల్ని దీని గురించి అడుగుతారు. అడగకపోయినా మీరే చెప్పాలని నా అభిప్రాయం. దసరాకి కర్రసాము, కత్తిసాము విన్యాసాల చెడీ తాలింఖానా, సంక్రాంతికి తీర్థాలు, వేసవిలో అమ్మవారి జాతరలు, ఇన్ని ఉన్న ప్రాంతంలోనే అది జరిగింది. ఉత్సవాలు ఎక్కువగా ఉన్నంత మాత్రాన మనుషులు కలిసున్నట్టు కాదని తేలిపోయింది.

ఎందుకు అంటే, మన ఉత్సవాల్లో అందరికీ పని ఉంది, అందరికీ కుర్చీ లేదు. అమ్మవారి జాతరలో గరగలు, అంటే అమ్మవారి పేరిట అలంకరించిన కలశాలు, చాలా ఊళ్లలో రజక కుటుంబాల వాళ్లు తలకెత్తుకుంటారు. డప్పు మాల మాదిగ పేటల నుంచి వస్తుంది. డోలు, సన్నాయి ఇంకొకరివి. వాళ్లు లేకపోతే ఊరేగింపు అడుగు కదలదు. కానీ జాతర తేదీ, ఖర్చు, దారి నిర్ణయించే మీటింగులో వాళ్లు ఎంతమంది కూర్చుంటున్నారు? ఊరేగింపు వాళ్ల పేటలోకి వెళ్తుందా, పేట మొదట్లోనే మళ్లిపోతుందా? కరపత్రంలో దాతల పేర్లు ఉంటాయి, గరగ ఎత్తినవాళ్ల పేరు ఉంటుందా? ఒక ఊరి సంస్కృతి ఆ ఊరిని బలపరుస్తోందో లేదో చూడాలంటే నేనడిగే ప్రశ్నలు ఇవి. మీ సమితి గురించి కూడా వీటికి జవాబులు రాసుకోండి. జవాబు బాగోకపోతే బాగోలేదనే ఢిల్లీలో చెప్పండి. అలా చెప్పినవాళ్ల మాటే రెండో రోజు చర్చలో నిలుస్తుంది.

దీనికి మరో వైపు కూడా మన గడ్డ మీదే ఉంది. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారి "పాలేరు" నాటకం గుర్తుచేయండి. పాలేరుగా ఉన్న కుర్రాడు చదువుకోవడం దాని కథ. ఊళ్లలో ఆ నాటకం ఆడాక దళితులు ఎంతోమంది తమ పిల్లల్ని పాలేరు పని మాన్పించి బడికి పంపారని పెద్దలు చెప్పేవారు. ఆ నాటకం ఊళ్లో ఎవరూ పైకి అనలేని మాట అన్నది, విన్నవాళ్లు ఇంటికెళ్లి ఒక నిర్ణయం తీసుకున్నారు. కళ ద్వారా సమాజాన్ని బలపరచడానికి కోనసీమ ఇచ్చిన ఉదాహరణల్లో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే, ప్రభల కన్నా కూడా.

కళావంతుల సంగతి కూడా ఆలోచించండి. మన డెల్టా ఊళ్లలో మేజువాణీలు, గుడి ముందు ఆరాధన నృత్యాలు, పదాలకు అభినయం పట్టడం, ఇవన్నీ తరాల పాటు వాళ్ల చేతుల్లో బతికాయి. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ చట్టం చేసింది. దోపిడీ ఆగాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ తర్వాత వాళ్ల నాట్యం వేరేవాళ్ల వేదికలకెక్కింది, ఆ స్త్రీలు మాత్రం పేరు చెప్పుకోవడానికే ఇబ్బందిపడే స్థితిలో మిగిలారు. కళను కాపాడి, కళాకారిణిని వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. ఈ విషయం మాట్లాడాలంటే ఆ కుటుంబాల వాళ్ల ఇష్టం కనుక్కునే మాట్లాడండి. ఊరి పేరు, ఇంటి పేరు చెప్పొద్దు.

2022లోనే ఇంకొకటి జరిగింది. జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం "చింతామణి" నాటకాన్ని నిషేధించింది. అందులోని సుబ్బిశెట్టి అనే వైశ్య వర్తకుడి పాత్ర తమను అవమానిస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చాయి. కళ్లకూరి నారాయణరావు గారు రాసినదానికీ, తర్వాత వేదిక మీద చేర్చిన చౌకబారు హాస్యానికీ చాలా దూరం ఉంది. బాధపడ్డవాళ్ల బాధ నిజం. ఆ నాటకం మీద బతికిన పద్యనాటక కళాకారుల జీవనం పోవడమూ నిజం. నా ఉద్దేశంలో అసలు లోపం ఏమిటంటే, ఇరువైపులా కూర్చుని ఏ మాటలు తీసేయాలో, ఏది మూలంలో ఉందో తేల్చుకునే చోటు మనకు లేకపోయింది. పరిషత్తులు పోటీలకు, బహుమతులకు పరిమితమైపోయాయి. వ్యవహారం చివరికి జీవో దాకా వెళ్లింది. అలాంటి చోటు జిల్లాకొకటి ఉండాలన్నది మీరు రెండో రోజు చర్చలో పెట్టదగిన ప్రతిపాదన. దానికి పెద్ద డబ్బు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు నిధుల సంగతి. అడగండి, మొహమాటం వద్దు. కాకపోతే ఏం అడుగుతున్నారో తెలిసి అడగండి. కేంద్ర సాంస్కృతిక శాఖకు పథకాలున్నాయి. ఉత్సవాలకు, సదస్సులకు, కొత్త ప్రదర్శనలకు ఇచ్చే కల్చరల్ ఫంక్షన్ అండ్ ప్రొడక్షన్ గ్రాంటు మామూలుగా 5 లక్షల వరకు ఉంటుంది. అందులో 75 శాతం ముందు, మిగతా 25 శాతం పని అయ్యాక, ఖర్చు లెక్కలు పంపాక ఇస్తారు. ఆ చివరి 25 శాతం చేతికొచ్చేదాకా ఎవరు అప్పు మోయాలి? చిన్న ఊరి సమితుల్లో కార్యదర్శి ఇంటి మీదే ఆ భారం పడుతుంది. ఊళ్ల స్థాయి సంస్థలకు చిన్న మొత్తాలు, ముందుగా, తక్కువ కాగితాలతో ఇచ్చే పద్ధతి కావాలని అడగండి. అక్కడ కూర్చున్న పెద్ద సంస్థలు ఈ మాట ఎత్తవు, వాళ్లకు అది సమస్య కాదు కాబట్టి.

అంతకన్నా ముఖ్యమైంది గురుశిష్య పరంపర పథకం. మన రాష్ట్రానికి తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం, నాగపూర్‌లోని దక్షిణ మధ్య మండల కేంద్రం రెండింటిలోనూ సభ్యత్వం ఉంది. ఆ మండల కేంద్రాల ద్వారా గురువుకు నెలకు 7,500, వాద్యసహకారానికి 3,750, శిష్యుడికి 1,500 రూపాయలు ఇస్తారు. గడువు ఆర్నెల్ల నుంచి ఏడాది. మాధవపట్నంలో తోలుబొమ్మ చెక్కడం, ఆడించడం, పాడటం మూడూ ఒక మనిషికి రావాలంటే ఏడాది సరిపోతుందా? ద్రాక్షారామం వైపు వీరనాట్యం చేసేవాళ్లు చిన్నప్పటి నుంచి పెద్దల పక్కన నిలబడి నేర్చుకున్నారు. నెలకు 1,500 ఇస్తే పద్దెనిమిదేళ్ల కుర్రాడు రొయ్యల చెరువు మీద పని మానుకుని వస్తాడా? ఈ లెక్క చెప్పి, గడువు కనీసం మూడేళ్లు కావాలని, శిష్యుడి భృతి స్థానిక కూలి రేటుకు దగ్గరగా ఉండాలని అడగండి.

ఎక్కువకాలం పోషణ ఉంటే ఏమవుతుందో చూపడానికి కపిలేశ్వరపురం చాలు. సర్వరాయ హరికథా పాఠశాల 1970ల నుంచి ఆడపిల్లలకు తిండి, వసతి కల్పించి హరికథ నేర్పుతోంది. అక్కడ నేర్చుకున్న భాగవతారిణులు ఊరూరా కథలు చెబుతున్నారు. ఒక ఉత్సవం కోసం ఇచ్చే డబ్బుతో ఇది సాధ్యమయ్యేది కాదు. ఒక ట్రస్టు ఏటా పూచీ పడింది కనుకే సాగింది.

డబ్బు అంతా ఢిల్లీ నుంచే రావాలని కూడా లేదు. భీమవరంలో మావుళ్లమ్మ ఉత్సవాలు సంక్రాంతి నాటి నుంచి సుమారు నెల రోజులు సాగుతాయి. రోజూ సాయంత్రం వేదిక మీద ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది, పౌరాణిక నాటకాలకు జనం తెల్లవార్లూ కూర్చుంటారు. ఆ ఉత్సవాలను నిలబెడుతున్నది నీరుల్లి, కూరగాయ, పండ్ల వర్తక సంఘం. కూరగాయల వ్యాపారులు ఒక నాటక రంగానికి ఆధారంగా ఉన్నారంటే వేరే రాష్ట్రాలవాళ్లు ఆశ్చర్యపోతారు, నమూనాగా రాసుకుంటారు. మీకు దగ్గర్లో అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ఉంది. అక్కడి వర్తకులతో మాట్లాడారా? మరో దారి కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. ఆ పనుల జాబితాలో సంప్రదాయ కళలు, హస్తకళలు ఉన్నాయి, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. మన కాళ్ల కింద గ్యాసు తీస్తున్న సంస్థలు ఉన్న డెల్టా ఇది. దరఖాస్తు పెట్టాలంటే సమితికి 2001 సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్, పాన్, బ్యాంకు ఖాతా, ఆడిట్ చేసిన లెక్కలు, స్వచ్ఛంద సంస్థల కోసం కేంద్రం పెట్టిన దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. ఇవి లేకపోతే ఢిల్లీ వెళ్లే ముందే మొదలుపెట్టండి. అక్కడ ఎవరైనా సాయం చేస్తామన్నప్పుడు మొదట అడిగేది ఈ కాగితాలే.

సంస్కృతి అంటే వేదిక మీదిదే అనుకోవద్దు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర మొదలైన ఆ పని ఇవాళ ఇంటి అరుగుల మీద కూర్చుని అల్లే ఆడవాళ్లది. ముక్కకు ఇంత అని ఏజెంటు దగ్గర తీసుకుంటారు. గుర్తింపు వచ్చాక ఆ ముక్క ధర పెరిగిందా అని ఎవరైనా వాళ్లను అడగాలి. వీలైతే సమావేశానికి ముందు ఒకరోజు నరసాపురం వెళ్లి రండి, సఖినేటిపల్లి రేవు దాటితే అవతలే కదా. వాళ్ల మాట మీ మాటలో ఒక నిమిషం వినపడాలి.

ఇలాంటి సమావేశాల వల్ల ఉపయోగం ఉంటుందా అన్న మీ అనుమానానికి రెండు పాత సంగతులు చెబుతాను. 1929లో తెనాలిలో నాటకాలవాళ్లు ఒకచోట కూడి ఆంధ్ర నాటక కళా పరిషత్తు పెట్టారు. మనం ఇవాళ ఊరూరా చూసే పరిషత్తు పోటీల సంప్రదాయానికి మూలం ఆ కలయికే. రెండోది 1958 నాటిది. కేంద్ర సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో నృత్య సదస్సు పెట్టింది. కూచిపూడిని శాస్త్రీయ నృత్యంగా ఒప్పుకోవడం మీద అక్కడ వివాదం వచ్చింది. విస్సా అప్పారావు గారు, వృత్తికి భౌతికశాస్త్రం ఆచార్యులు, మన నాట్యం గురించి అక్కడ పత్రం సమర్పించారు. తెలుగువాళ్లు నిరాశతో తిరిగొచ్చి ఊరుకోలేదు. మరుసటి ఏడాది హైదరాబాదులో రాష్ట్ర అకాడమీ తరఫున నాట్య సదస్సు పెట్టి, పండితులను, కళాకారులను కూర్చోబెట్టి, గ్రంథాల ఆధారాలూ ప్రదర్శనలూ ఒకచోట చేర్చారు. కూచిపూడి వాదం బలపడింది అక్కడే. అంటే ఢిల్లీలో తేలనిది, దాని తర్వాత మనం పెట్టుకున్న సమావేశంలో తేలింది. అందుకే తిరిగొచ్చాక ఏం చేస్తారన్నది నాకు ముఖ్యం.

మాట్లాడే పద్ధతి గురించి కొంచెం. హిందీ, ఇంగ్లిష్ సరిగా రావని టెన్షన్ పడకండి. తెలుగులో మాట్లాడతానని, అనువాదం ఏర్పాటు చేయమని ఇప్పుడే లేఖ రాయండి. కుదరదంటే మీ మాటలు ఒక పేజీలో ఇంగ్లిష్‌లోకి రాయించి కాపీలు పంచండి. స్లైడ్లు వద్దు. కౌశికలో ప్రభ దిగే వీడియో ఒక నిమిషం చూపించండి, వెంటనే వెదురు లెక్క, కమిటీ లెక్క, కుర్చీ లెక్క చెప్పండి. ఆ తర్వాత వరద, ఆ తర్వాత మే 24, ఆ తర్వాత "పాలేరు". చివరి నిమిషంలో రెండు కోరికలు మాత్రం పెట్టండి: గురుశిష్య పథకం గడువు, చిన్న సమితులకు ముందస్తు గ్రాంటు. పది అడిగితే ఒక్కటీ రాసుకోరు.

వీలైతే ఒంటరిగా వెళ్లొద్దు. గరగ ఎత్తే మనిషినో, డప్పు కళాకారుణ్ణో మీతో తీసుకెళ్లడానికి అనుమతి, ఖర్చులు అడగండి. ఆడేందుకు కాదు, మాట్లాడేందుకు అని స్పష్టంగా రాయండి. జాతీయ సమావేశాల్లో జానపద కళాకారులు సాయంత్రం ప్రదర్శనకు వస్తారు, పగలు చర్చలో ఉండరు. ఈ ఒక్కటి మీరు మార్చగలిగితే మిగతావాళ్లకూ దారి చూపినట్టవుతుంది. ఇక్కడి నుంచి బుర్రకథ వెళ్లాల్సిన దూరం వెళ్లగలిగింది. రావులపాలెంలో స్థిరపడ్డ మిరియాల అప్పారావు గారికి 2025లో పద్మశ్రీ వచ్చింది. కాకపోతే అది ఆయన కన్నుమూశాక అందిన గౌరవం. బతికుండగానే మాట్లాడనివ్వడం మన చేతిలో ఉన్న పని.

అక్కడ పరిచయాలు విరామ సమయంలోనే అవుతాయి. మండల కేంద్రాలవాళ్లు, వేరే రాష్ట్రాల ఊరి సమితులవాళ్లు ఎవరున్నారో చూసి వాళ్ల దగ్గర కూర్చోండి. కేరళ, అసోం, మణిపూర్ వైపు ఊళ్లు తమ కళలను ఎలా పోషించుకుంటున్నాయో అడగండి. పెద్దవాళ్లతో ఫోటోల కోసం ఆ సమయం పోగొట్టుకోకండి.

"మేరా గావ్ మేరీ ధరోహర్" అని 2023 జూలైలో మొదలైన కేంద్ర కార్యక్రమం ఉంది. దేశంలో ప్రతి ఊరి సంస్కృతి వివరాలు ఒక పోర్టల్‌లో పెడుతున్నారు. మీ ఊరి పేజీ ఇప్పుడే తెరిచి చూడండి. ఏం రాశారు, ఏ కళలు వదిలేశారు, ఏ పేట ప్రస్తావన లేదు అన్నది రాసుకుని, తప్పులుంటే సమావేశంలో సంబంధిత అధికారికి లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఇది చిన్నపనిలా కనిపిస్తుంది కానీ రేపు పథకాలు ఆ వివరాల ఆధారంగానే వస్తే మన ఊళ్లు లేనట్టవుతాయి.

తిరిగొచ్చాక రెండు వారాలు దాటకుండా ఊళ్లో మీటింగు పెట్టండి. పంచాయతీ ఆఫీసులోనో, గుడి అరుగు మీదో పెడితే కొందరు రారు. బడి ఆవరణలో పెట్టండి, అందరూ కుర్చీల్లో కూర్చునేలా చూడండి. ఢిల్లీలో ఏం మాట్లాడారో, ఎవరేమన్నారో, ఖర్చెంతయిందో చదివి వినిపించండి. వచ్చే తీర్థానికి కమిటీలో డప్పు, గరగ, మేళం తరఫున ఒక్కొక్కరు, ఆడవాళ్ల తరఫున కనీసం ఇద్దరు ఉండాలని ఆ రోజే తీర్మానం రాయండి. అభ్యంతరాలొస్తాయి. ఒక మీటింగులో తేలకపోతే రెండోది పెట్టండి, తీర్మానం మాత్రం వదలొద్దు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. అప్పుడు ఘాట్ల దగ్గర సాంస్కృతిక కార్యక్రమాలకు ప్రభుత్వం ఖర్చుపెడుతుంది. బయటి ఈవెంట్ సంస్థలకు మొత్తం అప్పజెప్పకుండా, డెల్టా కళాకారుల జాబితా తయారుచేసి, నేరుగా వాళ్ల ఖాతాల్లోనే పారితోషికం పడేలా కలెక్టరుకు ఇప్పటి నుంచే వినతి ఇవ్వాలి. చుట్టుపక్కల సమితులను కలుపుకోండి. మా వైపు నుంచి మేమూ సంతకాలు పెడతాం.

ఇక చివరగా, మీటింగుకు వచ్చిన పెద్దవయసు కళాకారుల పేర్లు అక్కడే రాసుకోండి. 60 ఏళ్లు దాటి, ఏడాది ఆదాయం 72 వేలకు మించనివాళ్లకు కేంద్రం నెలకు 6,000 వరకు ఆర్థిక సహాయం ఇస్తుంది. రాష్ట్ర పింఛను వస్తుంటే ఆ మేరకు తగ్గిస్తారు. ఆధార్, ఆదాయ ధృవపత్రం, వయసు రుజువు అందరికీ దొరుకుతాయి. దరఖాస్తులు ఆగిపోయేది కళాకారుడని రుజువు చూపమన్నప్పుడు. పాత కరపత్రాలు, పేపర్లో వచ్చిన ముక్కలు, జాతర ఫోటోలు, గుడి కమిటీ ఇచ్చిన రసీదులు, షీల్డుల మీద పేర్లు ఏవి ఉన్నా ఫోన్‌లో ఫోటో తీసి మనిషికొక ఫైలుగా పెట్టుకోండి. రుజువేమీ లేనివాళ్లకు వచ్చే జాతర నుంచే పేరుతో కరపత్రం వేయించి, పారితోషికం బ్యాంకులో వేసి రసీదు ఇవ్వండి. దరఖాస్తు నింపడంలో ఎక్కడైనా ఆగితే ఇక్కడే అడగండి, నేను చూసి చెబుతాను.